తాళాల చప్పుడు

పోయింది పవర్ కార్డ్. ఆంప్లిఫయర్‌కు కరెంటు అందించే, బొటనవేలంత లావున్న వైరు. దొంగ సొంత తమ్ముడేనని ఫిర్యాదు.

ఉదయం పదిన్నరకు ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి హాల్లో అడుగుపెట్టాడు. చూస్తే కార్డ్ సాకెట్‌లోనే ఉంది.

"ఇది డూప్లికేట్," అన్నాడు పెద్దాయన. రికార్డింగ్ స్టూడియోలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. పాము చెవులని పేరు. "అసలుది మా తమ్ముడు కాజేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టాలి."

"డూప్లికేట్ అని ఎలా తెలుసు?"

"చెవులున్నాయి కదా!"

మూలనున్న యూపీఎస్ కీచుమంది. బ్యాటరీ చివరికొచ్చినట్టుంది. ఇన్‌స్పెక్టర్ చిరాగ్గా అటు చూశాడు. ఇల్లాలు కంగారుగా వెళ్లి బటన్ నొక్కింది. పెద్దాయన మాట ఆపలేదు.

ఆయన బాధంతా ఒక టేపు గురించి. ఏడేళ్లకే జ్వరంతో పోయిన కూతురు అందులో పాడుతుంది. పాడుతూ అమ్మ తాళాలగుత్తి ఆడిస్తుంది. కొన్నాళ్లుగా ఆ గలగల వినబడటం లేదు. కరెంటు శుభ్రంగా లేదనుకున్నాడు. ఎలక్ట్రీషియన్ అయిన తమ్ముడు మీటర్ బోర్డు నుంచి వేరే లైను లాగాడు. ఎర్త్ సరిచేశాడు. మంచి సాకెట్ బిగించి ఈ కార్డ్ తగిలించాడు. గుయ్‌మనే హమ్ పోయింది. తాళాలు మాత్రం తిరిగి రాలేదు.

తమ్ముణ్ని పిలిపించారు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"కార్డ్ మార్చావా?"

తమ్ముడు వదిన వైపు చూశాడు. "మార్చాను సార్."

"అసలుది ఏది?"

"అమ్మేశాను."

"ఎవరికి?"

"గుర్తులేదు."

ఇన్‌స్పెక్టర్ స్విచ్ కట్టేసి కార్డ్ ఊడదీశాడు. ప్లగ్ మీది నంబరు, కార్డ్ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె మీది నంబరు ఒకటే. జరగని దొంగతనాన్ని నెత్తిన వేసుకుంటున్నాడేమిటి వీడు? కార్డ్ మళ్లీ తగిలించాడు.

"టేపు వేయండి."

పసిగొంతు మొదలైంది. రెండో చరణంలో గలగలమని తాళాలు. స్పష్టంగా. ఇల్లాలు చేత్తో నోరు మూసుకుంది.

"విన్నారా?" పెద్దాయన గెలిచినట్టు అన్నాడు. "ఉన్నాయా తాళాలు? లేవు! వాడికి బేడీలు వేయండి. నేను చచ్చినా వాడు ఈ గడప తొక్కకూడదు."

యూపీఎస్ మళ్లీ కీచుమంది. మిగతా ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. పెద్దాయన కదల్లేదు.

తమ్ముడు ఇన్‌స్పెక్టర్‌ను గుమ్మం దగ్గరకు పిలిచి గొంతు తగ్గించాడు. "నన్ను దొంగగానే ఉండనివ్వండి సార్. మీకు పుణ్యముంటుంది. ఆ చెవులు పోయాయని తెలిస్తే అన్నయ్య తట్టుకోలేడు."

ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు. "చెవులు ఎలాగూ పోయాయి. తమ్ముడు కూడా పోవాలా?"

ఇన్‌స్పెక్టర్ వెళ్లి పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు.

"అయ్యా, నేనొచ్చినప్పటి నుంచి ఆ యూపీఎస్ అరుస్తూనే ఉంది. మీరు ఒక్కసారీ అటు తిరగలేదు. మాటలు వినబడుతున్నాయి, అలాంటి సన్నని చప్పుళ్లే మీ చెవికి అందడం లేదు. కార్డ్ అసలుదే. తాళాలు టేపులోనే ఉన్నాయి. మేం ముగ్గురం విన్నాం."

పెద్దాయన భార్య వైపు చూశాడు. కాదని చెప్పమన్నట్టు చూశాడు. ఆమె తల దించుకుంది.

పెద్దాయన లేచి వెళ్లి యూపీఎస్‌కు చెవి ఆనించాడు. ఎర్రలైటు వెలిగి ఆరింది. మళ్లీ వెలిగి ఆరింది. ఆయన అలాగే ఉండిపోయాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటిందండీ," అంది ఆమె. "ఆ చెవులే మీ బతుకు. ఏ నోటితో చెప్పను?"

"లోపలికి రారా," అన్నాడు తమ్ముడితో. తమ్ముడు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

పెద్దాయన భార్యకు చెయ్యి చాపాడు. "మళ్లీ వెయ్యి. ఎక్కడొస్తాయో నువ్వు చెప్పు."

ఆమె టేపు వేసి పక్కన కూర్చుంది. తాళాలు మోగినప్పుడల్లా ఆయన అరచేతిలో వేలితో తట్టింది. ఆయన కళ్లు మూసుకుని తలాడించాడు.

పాట అయిపోయింది. టేపు ఖాళీగా తిరుగుతోంది.

"ఇంకా ఆడిస్తోందా?"

"ఆడిస్తోందండీ."

ఆమె వేలు ఆగలేదు. ఇన్‌స్పెక్టర్ ఈసారి నిజం చెప్పలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.