ప్రమోద అడిగి వేయించుకున్న బెంచీ

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రమోద నాన్న గోపీనాథ్ వేరుశనగ గింజలు లెక్కపెట్టి డైనింగ్ టేబుల్ మీద పోశాడు.

"ఒక్కో గింజ పది డాలర్లు. మన డెక్‌కి ఉన్న బడ్జెట్ అంతా ఇదే," అన్నాడు.

పదేళ్ల ప్రమోద ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది.

"పది డాలర్లు మింగేశావు," అన్నాడు నాన్న. పక్కనే కూర్చున్న నానమ్మ కిసుక్కున నవ్వింది.

అది 1984. అమెరికాలోని పిస్కాటవేలో వాళ్ల వీధిలో ఒకరిని చూసి ఒకరు పెరట్లో, వెనక తలుపుకి ఆనించి, ఎత్తైన అరుగుల్లాంటి చెక్క డెక్‌లు కట్టుకుంటున్న రోజులు. వీళ్లింటి వెనక తలుపు దగ్గర మాత్రం బీటలు వారిన సిమెంటు మెట్లే ఉన్నాయి. వాటిని కొట్టేసి డెక్ కట్టాలని నాన్న సరదా. మనుషుల్ని పెట్టి కట్టించే స్తోమత లేదు కాబట్టి, ఆయనా స్నేహితుడు భాస్కర్ అంకులూ కలిసి వీకెండ్స్‌లో కట్టాలని అనుకున్నారు.

నాన్న గింజల్ని కుప్పలుగా జరిపాడు. స్తంభాలకి ఒక కుప్ప, నేల చెక్కలకి పెద్ద కుప్ప, సిమెంటుకీ మేకులకీ ఇంకోటి. చివరికి గుప్పెడు మిగిలాయి.

"వీటితో ఒక్కటే వస్తుంది. పెరట్లోకి దిగడానికి వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్. లేదంటే అంచు వెంట బెంచీ. ఒకటి ఇప్పుడు, రెండోది వచ్చే ఏడాది. మెట్లు లేకపోతే అప్పటిదాకా కింద ఒక సిమెంటు దిమ్మ వేస్తాను."

బెంచీ మాట వినగానే ప్రమోద చెవులు నిక్కబొడుచుకున్నాయి. స్నేహితురాలు రేణు వాళ్ల డెక్ మీద పొడుగాటి బెంచీ ఉంది. మాకూ వస్తుందని ప్రమోద రేణుతో అప్పుడే చెప్పేసింది కూడా.

నాన్న నానమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీకు మోకాళ్ల నొప్పులు కదా. మెట్లే వేద్దామా?"

"నాకెందుకురా మెట్లు. పిల్ల ముచ్చట పడుతోంది, బెంచీ వెయ్యి," అంది నానమ్మ.

ఇక్కడో సంగతి చెప్పాలి. ప్రమోదకి తెలుగు అంతంత మాత్రమే వచ్చు. అయినా మన వాళ్ల "వద్దు" ఎలాంటిదో బాగా తెలుసు. ఇంటికొచ్చిన అంకుల్స్ "కాఫీ వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాం" అంటారు. అమ్మ మళ్లీ అడుగుతుంది. ఇంకోసారి అడుగుతుంది. అప్పుడు కప్పు ఖాళీ చేసి మరీ లేస్తారు. నానమ్మ అయితే రెండో దోసె ఎప్పుడూ వద్దనే అంటుంది. బతిమాలి కంచంలో వేసేది రోజూ ప్రమోదే.

"అది కాదమ్మా, నువ్వు రోజూ పెరట్లోకి..." అని నాన్న మళ్లీ అడగబోయాడు.

"నానమ్మ నో చెప్పింది కదా నాన్నా," అంటూ ప్రమోద గబగబా గింజలన్నీ బెంచీ వైపు తోసేసింది.

నాన్న నానమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వుతూనే ఉంది. సరేనన్నాడు. సాయంత్రం అమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి, "అత్తయ్యని సరిగ్గా అడిగారా?" అంది. "అడిగాం," అని ప్రమోదే జవాబు చెప్పింది.

జూలైకి డెక్ తయారైంది. శనివారం రేణు వచ్చింది. ఇద్దరూ కొత్త బెంచీ మీద కాళ్లూపుకుంటూ పాప్సికిల్ పుల్ల ఐసులు తింటున్నారు. ఎదురుగా పెరట్లో నానమ్మ వేసిన గోంగూర కోసేవాళ్లు లేక ముదిరిపోయి ఉంది. నానమ్మ అద్దం తలుపు వెనక కుర్చీలో కూర్చుంది.

"మీ గ్రాండ్‌మా బయటికి రారా?" అంది రేణు.

"ఆమెకి ఎండ పడదు," అంది ప్రమోద. అది పచ్చి అబద్ధం.

అంతలో తలుపు జరిగింది. నానమ్మ చేతిలో గిన్నెతో వచ్చింది. "రేణుకి గోంగూర పచ్చడి ఇష్టం కదా. నాలుగు ఆకులు కోసుకొస్తాను," అంటూ డెక్ అంచుకి నడిచింది.

కింద దిమ్మ కేసి చూసింది. ఒక కాలు దింపబోయి వెనక్కి తీసుకుంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. కాసేపు నిలబడి, మెల్లగా చెక్కల మీద కూలబడి, చంటిపిల్లలా జరుగుతూ దిగబోయింది. కాలు దిమ్మకి అందలేదు. గిన్నె జారి గడ్డిలో పడింది. నానమ్మ దిగనూ లేక, లేవనూ లేక అక్కడే ఉండిపోయింది.

రేణు పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుని, మెల్లగా వెనక్కి జరిపి లేవదీసింది. ప్రమోద సిగ్గుతో బెంచీకి అతుక్కుపోయింది.

"ఇక్కడ మెట్లు ఎందుకు లేవు?" అంది రేణు.

"నేనే వద్దన్నానమ్మా," అంది నానమ్మ.

నానమ్మ తిట్టినా ప్రమోదకి అంత బాధ వేసేది కాదు.

రేణు వెళ్లిపోయాక ప్రమోద అమ్మానాన్నల ముందు నిలబడింది. "నానమ్మ వద్దన్నది నిజం వద్దు కాదని నాకు తెలుసు. తెలిసే గింజలు తోశాను. నాన్న మళ్లీ అడుగుతాడేమోనని."

నాన్న తల దించుకున్నాడు. "నాకూ తెలుసు కదమ్మా. నేనూ ఊరుకున్నాను."

"బెంచీ చెక్కలతో మెట్లు వస్తాయా?"

"వస్తాయి. బెంచీ మాత్రం ఉండదు. వచ్చే ఏడాదైనా వేస్తానని చెప్పలేను."

లోపలి నుంచి నానమ్మ అంది, "చక్కగా ఉన్నదాన్ని విప్పడం ఎందుకురా? నాకేం అక్కర్లేదు."

ప్రమోద వెళ్లి ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది. "నానమ్మా, మెట్లు కావాలా?"

"వద్దులే తల్లీ."

"మెట్లు కావాలా నానమ్మా?"

నానమ్మ మనవరాలి తల నిమిరింది. "పట్టుకోవడానికి కర్ర కూడా పెట్టమను," అంది మెల్లగా.

మర్నాడు నాన్న మేకులు పీకుతుంటే ప్రమోద చెక్కలు అందిస్తోంది. రేణు సైకిల్ మీద వచ్చి ఆగింది. "అయ్యో, మీ బెంచీ విరిగిపోయిందా?"

విరిగిందని చెబితే సరిపోయేది. ప్రమోద చేతిలోని చెక్క కింద పెట్టింది.

"విరగలేదు. నానమ్మ మెట్ల డబ్బు నేను బెంచీకి తీసుకున్నాను. నానమ్మకి ఎండ పడదని నీతో చెప్పింది కూడా అబద్ధం," అని ప్రమోద రేణు కళ్లలోకి చూస్తూ చెప్పింది.