నల్ల బీరువాలో గొంతు

మిట్ట మధ్యాహ్నం! సూర్యుడు నడినెత్తిన భగభగమని మండాల్సిన ఘడియ... కానీ ఆకాశంలో సూర్యుడి జాడే లేదు! కాటుక కరిగించి పోసినట్టు కారుమేఘాలు కమ్ముకున్నాయి. పట్టపగలే వీధి దీపాలు వెలిగాయి. ఆ నాలుగంతస్తుల పాత భవనం పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. పగలు రెప్ప విప్పని ఆ పక్షి రెండు కళ్ళూ విప్పింది... మూడో అంతస్తు కిటికీకేసి చూసింది... ఒకే ఒక్కసారి కూసింది!

ఆ కిటికీ వెనక గదిలో ఒక నల్లటి చెక్క బీరువా. మూసి ఉన్న దాని తలుపుల వెనక, గాఢాంధకారంలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఒక స్త్రీ కూర్చుని ఉంది. నవ్వుతోంది!

"అమ్మా... ఇవాళ రెండు జడలు వెయ్యవూ?" అంటోంది చీకట్లోంచి ఒక గొంతు. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు.

ఆ పిల్ల కన్నుమూసి పదకొండు నెలలైంది!

వీధి వీధంతా ఆ స్త్రీని అతుకులమ్మ అంటుంది. ఎగతాళిగా మొదలైన పేరు, తర్వాత ముద్దుపేరైంది. ఎందుకంటే ఆమె ఇంట్లో కొత్తగా కొన్న వస్తువంటూ ఒక్కటీ లేదు. సున్నాలు వేసేవాళ్ళు పారేసిన నిచ్చెన గోడకు ఆనుకుని పుస్తకాల అర అయింది. ఎవరి ఇంటి తలుపో కాళ్ళు తగిలించుకుని భోజనాల బల్ల అయింది. ఒకప్పుడు తాళం బిగించి ఉన్న కన్నంలో ఉప్పుడబ్బా సరిగ్గా కూర్చుంటుంది. కుట్టుమిషను ఇనప కాళ్ళ మీద చేతులు కడుక్కునే తొట్టి. సైకిలు చక్రం మధ్యలో అద్దం. అరిగిపోయిన చీరలన్నీ జడలల్లి, గుండ్రంగా చుట్టి కుట్టిన తివాచీ. ఏ పాత వస్తువు వచ్చినా మూడు రోజులు వరండాలోనే ఉండాలి. మేకులు పీకి, గరుకు కాగితంతో రుద్ది, విడదీసి, దానికి వేరే పని చూపించాకే గడప దాటనిచ్చేది. పాత పని చేయడానికి ఏ వస్తువూ ఆ ఇంట్లోకి రాలేదు.

ఈ యాగమంతటికీ సహాయకురాలు పాప. జిగురు డబ్బా పట్టుకునేది, కుంచెలు కడిగేది, వంకర మేకుల్ని సుత్తితో కొట్టి తిన్నగా చేసేది. నోరు మాత్రం ఒక్క క్షణం మూసేది కాదు. రోజుకొక కొత్త సంగతి తెచ్చి చెప్పందే నిద్రపోదు.

ఐదు రోజుల జ్వరం. అంతే!

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలే లేవు. పాప తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళోవాళ్ళందరినీ పైకీ కిందకీ మోసే యంత్రాల్ని చూసుకునే మనిషికి సొంత ఇంటికి మాత్రం మెట్లే గతి. పొద్దున్నే వెళ్ళేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆమె అన్నం పెట్టేది, అతను తినేవాడు. పాప పేరు ఎత్తితే ఆమె తట్టుకోలేదని అతనూ, ఎత్తితే అతను కుప్పకూలిపోతాడని ఆమె... ఇద్దరూ నోళ్ళకు తాళాలు వేసుకున్నారు.

సరిగ్గా అలాంటి ఇళ్ళనే వాసన పడుతూ తిరిగే మృగం ఒకటి ఆ ఊళ్ళో ఉంది!

బస్సు డిపో వెనక రేకుల షెడ్డులో పాత సామాన్లు అమ్మే షావుకారు. పైకి చూస్తే దగ్గుతూ మూలుగుతూ ఉండే డెబ్బై ఏళ్ళ ముసలి. లోపల? కపాలోపాసకుడు! ప్రేతవశీకరణంలో ఆరితేరిన నీచుడు! షెడ్డు వెనక గదిలో ఒక మనిషి పుర్రెకు తన నెత్తురు తాపి, దానికి ఒక భయంకరమైన విద్య నేర్పాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళ జ్ఞాపకాల్ని తాగడం... తాగిన జ్ఞాపకాల్ని చచ్చిపోయినవాళ్ళ గొంతుతో కక్కడం! ఆ గొంతుకు మరిగి బతికున్నవాళ్ళు కూర్చుండిపోతే, వాళ్ళ ఆయుష్షు చుక్కచుక్కగా కారి వాడి ఒంట్లో చేరుతుంది.

బీరువా అడుగు పలక కింద ఆ పుర్రెను దాచి అతుకులమ్మ కోసం కాచుకున్నాడు.

"ఊరికే తీసుకుపో తల్లీ," అన్నాడు వెన్న పూసిన గొంతుతో. "ఒకటే మాట. మేకు పీకకు, చెక్క కొయ్యకు. ఉన్నదున్నట్టు ఉంచుకో."

"నాకలా కుదరదు తాతా. విప్పకుండా ఇంట్లో పెట్టను."

 బీరువా తలుపు బెత్తెడు తీశాడు. లోపల్నుంచి... "అమ్మా!"

అంతే. ఇన్నేళ్ళలో ఎన్నడూ తప్పని మనిషి ఆ రోజు తప్పింది. మేకు పీకలేదు. గడప అవతల మూడు రోజులు కాదు కదా, మూడు నిమిషాలు కూడా ఉంచలేదు. నలుగురు కూలీలు మెట్ల మీదుగా మోసుకొచ్చి పాప గదిలో నిలబెట్టారు.

నలభై రోజులు గడిచాయి. రోజూ మిట్ట మధ్యాహ్నం ఆమె అందులో దూరి తలుపు వేసుకునేది. నల్ల జుట్టు బూడిదై, బూడిద జుట్టు పాలనురుగైంది. చేతి గాజులు మోచేతి దాకా జారసాగాయి. "ఒంట్లో బాలేదా?" అని భర్త అడిగితే, "బాగానే ఉందండీ," అనేది. అక్కడ షెడ్డులో షావుకారు దగ్గు మానేశాడు. వాడి బట్టతల మీద నల్లటి జుట్టు మొలిచింది!

* * *

ఉరుము! నేల గుండె అదిరేలా ఉరిమింది! పిడుగు పడి ఊరంతా కరెంటు పోయింది. ఆ క్షణానే వాకిలి తలుపు దబదబా మోగింది.

వచ్చింది ఆడపడుచు. బస్సు కండక్టరు. డెబ్బై మంది అరుపుల మధ్య తన మాట వినిపించుకుని అలవాటైన గొంతు.

"వదినా! తలుపు తీయ్! తడిసి ముద్దయ్యాను. మా డిపో వెనక ముసలాడు జుట్టుకి ఏం రాస్తున్నాడో కనుక్కో, మీ అన్నయ్యకి కూడా కాస్త..."

గడియ వేయని తలుపు తోసుకుని లోపలికొచ్చింది. గదిలో ఎవరూ లేరు. బీరువాలోంచి నవ్వు... రెండు నవ్వులు! తలుపు రెక్క పట్టి లాగింది.

"ఓరి నాయనో! వదినా? ఇదేం కాపురమే తల్లీ, బీరువాలో! నీ జుట్టేమైంది?"

"అత్త వచ్చిందా అమ్మా?" అంది చీకటి.

ఆడపడుచు ఒళ్ళు జలదరించింది! అదే గొంతు... అదే సాగదీత! నాలుగడుగులు వెనక్కి వేసి గోడకు కొట్టుకుంది. మరుక్షణం తేరుకుని వదిన చెయ్యి పట్టి లాగింది. చేతిలో ఎముకలే తగిలాయి.

"బయటికి రా! అది మన పాప కాదు వదినా! ఏదో దయ్యప్పీనుగ!"

"తెలుసు."

"తెలుసా?!"

"మొదటి రోజే తెలుసు." అతుకులమ్మ గొంతులో కోపం లేదు, భయం లేదు. "పాప రోజూ నాకు తెలియనిది ఏదో ఒకటి చెప్పేది. గుర్తుందిగా? చీమలకి ఆదివారం సెలవు లేదని, లెక్కల టీచరు చెప్పులు రెండూ వేరు వేరు జతలని... ఇది నాకు తెలిసిందే చెబుతుంది. నలభై రోజుల్లో ఒక్క కొత్త మాట చెప్పలేదు."

"తెలిసీ ఎందుకే ఇందులో కూర్చుని చస్తున్నావు?"

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది."

ఆడపడుచు ఏదో అనబోయింది. మాట పెగల్లేదు! నాలుక అంగిట్లో అతుక్కుపోయింది... పాదాలు నేలలోకి దిగబడినట్టు బిగుసుకుపోయాయి... గుమ్మంలో షావుకారు! ముప్ఫై ఏళ్ళ యువకుడిలా, నల్లని జుట్టుతో, నిప్పుకణికల్లాంటి కళ్ళతో!

"నీకిక్కడ పని లేదు, టికెట్ల పిల్లా! నోరెత్తితే నీ బిడ్డల గొంతులు కూడా నా పుర్రెలో పలుకుతాయి!"

వంగి బీరువా అడుగు పలక ముందు అంచు ఊడదీశాడు. దుర్గంధం గుప్పుమంది. రెండు చేతులా కపాలాన్ని పైకెత్తి, గది గుమ్మం అవతలే ఉన్న భోజనాల బల్ల మీద పెట్టాడు. దాని కంటి గుంటల్లో ఎర్రటి వెలుగు రగిలింది.

"ఇవాళ ఆఖరి రోజు తల్లీ! నీ చేత్తో నువ్వే ఆ తలుపు లోపల్నుంచి బిగించుకో. యుగాంతం దాకా నువ్వూ నీ బిడ్డా! ముందు పాప ముట్టిన వస్తువొకటి దగ్ధం చెయ్యాలి... మంత్రపు కట్టు పడాలి కదా!" ఇల్లంతా కలయజూసి ఊశాడు. "చెత్త! ఇల్లంతా చెత్త! ఏదో ఒకటి..."

మూలనున్న పీట అందుకున్నాడు. లిఫ్టు తీగ చుట్టుకొచ్చిన చెక్క చక్రాన్ని సగానికి కోసి చేసిన పీట. పాప దాని మీదే కూర్చుని మేకులు తిన్నగా కొట్టేది.

"ఇచ్చెయ్యమ్మా," అంది కపాలం పాప గొంతుతో. "చెత్తే కదా!"

అతుకులమ్మ కదిలింది. తన ఆయుష్షు అడిగితే ఇచ్చింది. జుట్టు, కండ, నెత్తురు అడక్కుండానే ఇచ్చింది. కానీ అది పాప పీట! "దాన్ని ముట్టుకోకు," అంది. గొంతు పీలగా ఉంది. బీరువాలోంచి బయటికి అడుగు వేయబోయి నేల మీద కూలబడింది.

షావుకారు పకపకా నవ్వి, కాళ్ళు విరవడానికి పీటను తిరగేశాడు.

ఆ క్షణాన ఒక మెరుపు మెరిసింది!

పీట అడుగున... పచ్చటి రంగుతో... ఒక అరచెయ్యి. చిన్నది. చిటికెన వేలు కాస్త వంకర.

అతుకులమ్మ చూసింది. ఆ పీటను ఆమె కోసింది, రుద్దింది, నునుపు చేసింది. ఆ చెయ్యి అక్కడుందని ఆమెకు తెలియదు!

నెమ్మదిగా కపాలం వైపు తిరిగింది.

"ఈ చెయ్యి ఎప్పుడు వేశావే?"

కపాలం నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

"చెప్పు! పాపవే అయితే చెప్పు! ఎప్పుడు వేశావు? ఎందుకు వేశావు?"

ఏం చెబుతుంది? ఆమెకు తెలియనిది దానికెలా తెలుస్తుంది! పళ్ళు టకటకా కొట్టుకున్నాయి... నుదుటి మీద వెంట్రుకంత పగులు... ఆ పగులు నడినెత్తి దాకా పాకింది!

"ఆగు! ఆపు!" షావుకారు కేక పెట్టాడు. "హ్రాం... హ్రీం... ఫట్!"

అప్పుడు లేచాయి! నిచ్చెన అర పుస్తకాల్ని విదిల్చుకుని ముందుకు నడిచింది. తలుపు బల్ల కపాలాన్ని ముక్కలయ్యేలా విసిరికొట్టి నాలుగు కాళ్ళ మీద నిలువునా లేచింది. ఇనప కాళ్ళు కిర్రుమన్నాయి, చక్రపుటద్దం గిర్రున తిరిగింది, తివాచీ పాములా చుట్టలు విప్పింది. ప్రతిదాని అడుగునా, వెనకా, ఎవరూ చూడని చోటల్లా పచ్చటి చిన్న అరచెయ్యి! ఒకటి కాదు, పది కాదు... ఇల్లంతా చేతులే! చావును బంధించి అమ్ముకునే ఆ నీచుడి విద్య ఎక్కడ? చచ్చిన వస్తువులకు మళ్ళీ బతుకునిచ్చిన ఆ పసిచేతుల శక్తి ఎక్కడ?

వస్తువుల్ని ముక్కలు చేస్తూ చేతులు చెక్కల్లోంచి విడివడ్డాయి. పచ్చటి పక్షుల గుంపులా లేచి షావుకారును కమ్మేశాయి! గొంతు పట్టుకున్నాయి, జుట్టు పట్టుకున్నాయి, నల్ల బీరువాలోకి ఈడ్చాయి!

"వదలండి! తల్లీ, రక్షించు! నీ కాళ్ళకు మొక్కుతా..." ముప్ఫై ఏళ్ళ మొహం డెబ్బై అయింది, తొంభై అయింది, ఎండిన తోలైంది. బీరువా తలుపులు ధడాలున మూసుకున్నాయి. పిడుగు! కిటికీలోంచి దూసుకొచ్చిన అగ్ని బీరువా మీద విరుచుకుపడింది. ఒక్క ఆర్తనాదం... ఆ తర్వాత పిడికెడు బూడిద!

* * *

లిఫ్టు మెకానిక్కు ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. కరెంటు పోయి రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న ముగ్గురిని బయటికి లాగి, పనిముట్ల సంచితో మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడిపోయాడు. ఇంట్లో వస్తువన్నది మిగల్లేదు. అన్నీ ముక్కలు. చెల్లెలు గోడకు చేరబడి వెక్కుతోంది. నెరిసిన జుట్టు విరబోసుకుని భార్య నేల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా తిరగేసి చూస్తోంది. ప్రతి చెక్కా వట్టిదే. విడివడిన చేతులు తిరిగి రాలేదు. పోయిన ఆయుష్షూ తిరిగి రాలేదు.

అతను పక్కన చతికిలబడ్డాడు. "ఏం వెతుకుతున్నావు?"

"అడుగున పాప చేతులుండేవండీ. పచ్చరంగువి. ఒక్కటీ లేదిప్పుడు. మీకు తెలుసా అవి ఉన్నాయని?"

అతను ఒక చెక్కముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"నేనే రంగు కలిపిచ్చాను," అన్నాడు చివరికి. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నీ పుట్టినరోజుకి అన్నీ తిరగేసి చూపిస్తానంది. ఈలోగా..."

"పదకొండు నెలలు! ఒక్క మాట చెప్పలేదేమండీ?"

"నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

ఆమె చేతిలోని చెక్కముక్క పక్కన పెట్టింది. అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. "ఇంకా ఏం చెప్పింది మీకు? నాకు తెలియనివి?"

అతను తన చూపుడు వేలి వైపు చూసుకున్నాడు. 

"సెలవు రోజున నాతో పనికి వచ్చేది కదా... లిఫ్టు కదలగానే కళ్ళు గట్టిగా మూసుకుని నా వేలు పట్టుకునేది. అమ్మతో చెప్పకు నాన్నా, నేను ధైర్యవంతురాలినని అనుకుంటోంది, అనేది."

అతుకులమ్మ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. నవ్వే వచ్చిందో, ఏడుపే వచ్చిందో... పదకొండు నెలల్లో మొదటిసారి అతని ముందు ఆమె గొంతు గట్టిగా వినిపించింది.

"ఇంకా?" అంది.