పన్నెండు కోసుల అబద్ధం

“నా రాజకుమారి జడ నూట ఎనభై మూడు సెంటీమీటర్లా? టేపు పట్టుకుని కొలిచిందెవరండీ, మీరేనా?”

ప్రచురణ సంస్థ ఆఫీసులో పని చేసుకుంటున్న వాళ్లందరూ తలలెత్తారు. గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. నిలువునా తడిసింది. ప్రూఫు కాగితాల్ని మాత్రం చినుకు పడకుండా గుండెలకు హత్తుకుని తెచ్చింది.

ఆ ప్రశ్న ఎవరికో చెప్పక్కర్లేదు. ఆ ఆఫీసులో సెంటీమీటర్లకు దిక్కు ఒక్కడే. లెక్కల్లో డిగ్రీ చేసి, అచ్చుకు వెళ్లే పుస్తకాల్లో తేదీలు, దూరాలు, బరువులు సరిచూసే ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాడు. అందరూ అతణ్ణి స్కేలుబాబు అంటారు. సన్నగా, నిటారుగా ఉంటాడేమో, పేరు మనిషికీ కుదిరింది, బుద్ధికీ కుదిరింది.

“నేనేనండీ,” అన్నాడు లేచి నిలబడి. “మీరు బారెడు జడ అని రాశారు. బార అంటే ఆరడుగులు. ఆరడుగులంటే...”

“చాలు! మరి ఇదేంటి?” ఆమె ఒక కాగితం తీసి టపీమని బల్లమీద పెట్టింది. “‘ఆమె నిద్ర లేచేసరికి 1.83 మీటర్ల పొద్దెక్కింది.’ పొద్దును కూడా వదల్లేదా మీరు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. స్కేలుబాబు చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి ఆ వాక్యం దగ్గర ఏదో తేడా కొడుతోందని అతనికీ అనిపించింది. అదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

“యజమానిగారు అన్నీ మార్చమన్నారండీ. ఈ కాలం పిల్లలకి కోసు తెలీదు, గడియ తెలీదు, వీశె తెలీదు అని...”

“తెలీకపోతే తెలిసేలా చెప్పండి. అంతేగానీ నా నవలని సిమెంటు బస్తాలా తూకం వేస్తారా?”

మీరు నమ్మండి, నమ్మకపోండి, సరిగ్గా అప్పుడే మన స్కేలుబాబుకి ఆమె నచ్చేసింది. తిట్టే మనిషి నచ్చడమేమిటని అడక్కండి. ఒక్క వాక్యం కోసం వానలో పరిగెత్తుకొచ్చిన మనిషిని అతను అంతకుముందు చూడలేదు.

ఆమె ఇంకో కాగితం తిప్పింది. “సరే, దీనికి చెప్పండి. ‘కూతవేటు దూరం’ అని నేను రాస్తే మూడొందల మీటర్లని వేశారు. ఏ పుస్తకంలో ఉంది ఈ లెక్క?”

“పుస్తకంలో లేదండీ. కొలిచాను.”

“ఏంటీ?”

“ఆదివారం పొద్దున మా అక్కని వీధి చివర నిలబెట్టి కేకలు పెట్టమన్నాను. నేను వెనక్కి నడుచుకుంటూ వెళ్లాను. రెండొందల తొంభై దాటాక వినబడలేదు. అక్కకి జలుబు చేసింది లెండి, అందుకని ఇంకో పది కలిపాను.”

ఆమె కోపంగా ఉందామని గట్టిగానే ప్రయత్నించింది పాపం, కానీ నవ్వు ఆగలేదు.

“మీ అక్క ఏమని కేక పెట్టారండీ?”

“‘ఒరేయ్ పిచ్చోడా, ఇంటికి రారా’ అని.”

ఆఫీసంతా గొల్లుమంది. ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

ఆమె పగలు పిల్లల లైబ్రరీలో పనిచేస్తుంది. సాయంత్రం ఆ పని ముగించుకుని నేరుగా స్కేలుబాబు బల్ల దగ్గరికి వచ్చేది. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పాత్రలు మాట్లాడేటప్పుడు వాళ్ల కొలతలే ఉంటాయి. నుడికారం జోలికి స్కేలుబాబు పోడు. కథ అర్థం కావడానికి దూరమో కాలమో తెలియాల్సిన చోట మాత్రం ఈనాటి లెక్క వేస్తారు.

“నాలుగు వీశెల కత్తి అన్నారు. అంటే అయిదున్నర కిలోలండీ. అది పైకెత్తి పట్టుకుని మీ సేనాపతి పేజీన్నర మాట్లాడుతున్నాడు. చెయ్యి పడిపోతుంది,” అన్నాడొకరోజు.

“ఏం పడిపోదు. వీరుడండీ ఆయన.”

స్కేలుబాబు వాదించలేదు. అంత బరువూ తూగేలా నిఘంటువులు ఒక సంచిలో వేసి, చెయ్యి చాపి ఎత్తి పట్టుకుని, సేనాపతి డైలాగు చదవడం మొదలుపెట్టాడు. మూడో వాక్యానికి చెయ్యి వణికింది. అయిదో వాక్యానికి సంచి కింద పడింది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత కత్తి బరువూ తగ్గించింది, డైలాగూ తగ్గించింది.

ఆమె దగ్గర అతను నేర్చుకున్నది ఇంకొకటి.

“‘ఇంకో కోసు నడవాలి నాయనా’ అన్న ముసలమ్మకి దూరం తెలీదండీ, కాళ్లనొప్పి తెలుసు. దాని పక్కన మీరు 3.2 కిలోమీటర్లని వేస్తే ఆవిడ చేతికి టేపు ఇచ్చినట్టుంటుంది. ‘మూడు కిలోమీటర్ల పైమాటే’ అని వెయ్యండి, సరిపోతుంది.”

పైమాటే! ఆ ఒక్క మాట దగ్గర అతను చాలాసేపు ఆగిపోయాడు. ఇన్నాళ్లూ దశాంశాలతో కాపురం చేసినవాడికి, లెక్క తప్పు కాకుండానే కాస్త వదులుగా ఉండొచ్చని ఎవరూ చెప్పలేదు. ఎంత తెలివైన పిల్ల, అనుకున్నాడు. ఎంత బాగుంది, అని కూడా అనుకున్నాడు, దాచడమెందుకు?

ఇంట్లో అక్క పట్టేసింది. “ఏరా, ఉప్పు చిటికెడు తగ్గితే వంట బాగాలేదనేవాడివి. ఇవాళ అసలు ఉప్పే వెయ్యలేదు, గిన్నె ఖాళీ చేశావు. ఎవర్రా ఆ పిల్ల?”

“రచయిత్రి అక్కా.”

“మరి చెప్పావా?”

“ఏం చెప్పాలి?”

“నా ఖర్మ!” అని అక్క తల పట్టుకుంది.

చివరి అధ్యాయం తెచ్చిన రోజు ఆమె మొహం వెలిగిపోతోంది. “ఇది ఏడుస్తూ రాశానండీ. ఇందులో మాత్రం మీకు తప్పు దొరకదు. దొరికిందంటే ఈ పుస్తకమే నాకొద్దు, చింపి పారేస్తా,” అని నవ్వుతూ వెళ్లిపోయింది.

తప్పు దొరికింది.

కథానాయకుడు కొండదారిలో గుర్రం మీద బయల్దేరతాడు. పొద్దు గుంకి కోట తలుపులు మూసేలోగా లోపలికి చేరాలి. చేరకపోతే రాజకుమారిని ఆ రాత్రే వేరే రాజ్యానికి పంపించేస్తారు. దూరం పన్నెండు కోసులు. మిగిలింది మూడు గడియలు. గడియకి ఇరవై నాలుగు నిమిషాల చొప్పున స్కేలుబాబు అలవాటుగా మార్చి చూశాడు. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, గంటా పన్నెండు నిమిషాలు. కొండదారిలో ఏ గుర్రానికీ అది సాధ్యం కాదు. పోనీ దూరం తగ్గిద్దామంటే కథ మొదటినుంచీ ఆ దూరం మీదే నడిచింది. గడియలు పెంచుదామంటే కథలో ఆ ఆత్రమే ఉండదు.

అంతలో యజమాని వచ్చి చెప్పాడు. “రేపు పొద్దున ఇది అచ్చుకి వెళ్లాలి. ఏమైనా ఉంటే ఇవాళే తేల్చు. ఆగిందంటే మళ్లీ వచ్చే ఏడే.”

ఆమెకి చెబితే పుస్తకం చింపేస్తుంది. చెప్పకపోతే కథానాయకుడు చేరడు. స్కేలుబాబు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ముప్పై ఎనిమిది వెయ్యాల్సిన చోట పన్నెండు కిలోమీటర్లు అని వేశాడు. తప్పని తెలిసి తప్పు వెయ్యడం అతని జీవితంలో అదే మొదలు. ఆ రోజు లైబ్రరీకి సెలవు కాబట్టి ఆఖరి ప్రూఫు ఆమె ఇంటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. ఆమె చదివేలోగా తనే చెప్పెయ్యాలనిపించి, వాన పడుతున్నా లెక్కచెయ్యకుండా ఆమె ఇంటివైపు బయల్దేరాడు. సగం దారిలో, మూసేసిన గడియారాల కొట్టు ముందుకి వచ్చేసరికి, ఎదురుగా ఆమె వస్తోంది. చేతిలో పెద్ద నల్ల గొడుగు, చంకలో ప్రూఫు. ఇద్దరూ ఆ కొట్టు చూరు కిందికి చేరారు.

“పన్నెండు కోసులు పన్నెండు కిలోమీటర్లు ఎప్పుడయ్యాయండీ?” అంది గొడుగు ముడుస్తూ. గొంతులో కోపం లేదు. అందుకే అతనికి భయమేసింది.

“అది చెబుదామనే మీ ఇంటికి వస్తున్నా.”

“పొరపాటున పడిందా?”

అవునంటే గొడవే లేదు. కానీ అతను ఆ మాట అనలేకపోయాడు.

“కాదండీ, కావాలనే వేశాను. అసలు లెక్క ప్రకారం అతను చేరడు. తలుపులు మూసేస్తారు. ఆవిడ గోడమీద నిలబడి దారి చూస్తూనే ఉంటుంది. నాకు మనసొప్పలేదు.”

“నా కథలో తప్పుంటే నాకు కదా చెప్పాలి? అక్కకి జలుబు చేసిందని కూడా లెక్క కట్టిన మనిషి మీరు. నేను కళ్లు మూసుకుని నమ్మిన లెక్క మీదొక్కటే. దాన్నీ పాడుచేశారు.”

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. అతను తల దించుకున్నాడు.

“తప్పే. మీరు ఏడుస్తూ రాశానన్నారు. మళ్లీ నా వల్ల ఏడుస్తారేమోనని చెప్పలేకపోయాను. మీరు బాధపడితే నేను చూడలేనండీ. మీరంటే నాకిష్టం. ఎంత అని మాత్రం అడక్కండి, నాకు తెలీదు.”

వాన జోరందుకుంది.  ఆమె నెమ్మదిగా అడిగింది. “నేను ఇంట్లోనే ఉంటే మీరెప్పటికి చేరేవారు?”

“ఈ వానలోనా? అరగంట పైమాటే.”

“అరగంట! అంతసేపు గుమ్మంలో నిలబడి చూడ్డం నా వల్లయ్యే పనేనా? ఉండబట్టలేకే కదా నేనే బయల్దేరి...” అంటూ ఠక్కున ఆగిపోయింది. “అయ్యో, ఆవిడెందుకు నిలబడిందండీ?”

“ఎవరు?”

“రాజకుమారి! తలుపులు మూసేలోగా అతను లోపలికి రావాలని రాశాను. తలుపులు మూసేలోగా ఆవిడే బయటికి వచ్చెయ్యొచ్చుగా! కాళ్లు లేవా, గుర్రమెక్కడం రాదా? రెండో అధ్యాయంలో నేనే నేర్పించాను!”

స్కేలుబాబుకి చటుక్కున వెలిగింది. రాజకుమారే బయటికి వచ్చేస్తే ఇక తలుపులతో పనిలేదు, గడియలతో పనిలేదు. పన్నెండు కోసులు పన్నెండు కోసులుగానే ఉంటాయి. పొద్దుటినుంచి తను బుర్ర బద్దలుకొట్టుకున్నా తోచనిది, ఈ పిల్ల వానలో నిలబడి ఒక్క క్షణంలో తేల్చేసింది. ఇలాంటి మనిషి ఎదురుగా నిలబడి ఉండటమే తన అదృష్టమనిపించింది.

“రేపు పొద్దునకి రాయగలరా?”

“ఒక్క పేజీ. ఇప్పుడే మీ ఆఫీసులో కూర్చుని రాస్తా. మీరు చదవాలి. తప్పుంటే మొహం మీదే చెప్పాలి, నేను ఏడ్చినా సరే.”

“చెబుతా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆమె కదలలేదు. “ఇందాక ఇష్టమన్నారు. దానికి జవాబు అక్కర్లేదా?”

“కావాలి. అడగాలంటే భయంగా ఉంది.”

“ఇంత చిన్న తప్పు ఫోన్లో చెప్పలేనా? ఈ వానలో ఇంత దూరం ఎందుకు నడిచొచ్చాననుకున్నారు? అన్ని లెక్కలు తెలుసు, ఆమాత్రం తెలీదా?”

 ఆమె చేతిలో గొడుగు అటూ ఇటూ తిప్పుతూ, చిన్నగా నవ్వింది.

“వెళ్లి మీతో తేల్చుకొస్తానని నాన్నతో అన్నాను. ‘రోజూ ఇంట్లో అతని మాటేగా, తేల్చుకునే రా’ అని నాన్నే ఈ గొడుగు తీసిచ్చారు. నా గొడుగుందిగా, ఇంత పెద్దదెందుకు అంటే, తిరిగొచ్చేటప్పుడు ఇద్దరుంటారుగా అన్నారు.”

స్కేలుబాబు ఆమె చేతిలోంచి గొడుగు తీసుకుని తెరిచాడు.