సగంలో తెగిన ఫైలు పేరు

జాన్ ప్రసాద్ పంపిన కోడ్‌ను గ్లోరియా మళ్ళీ తిప్పి పంపింది. తేల్చుకుందామని అతను బసంత్‌నగర్ నుంచి వానలో బైకేసుకుని గోదావరిఖనిలోని ఆమె ఇంటికి వచ్చేశాడు.

ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఇంటి నుంచే పని. కంప్యూటర్‌లో ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నారో దాని గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే చిట్టా, ఆడిట్ లాగ్, వాళ్ళ పని. అతను కోడ్ రాస్తాడు, ఆమె తప్పులు చూసి పాస్ చేస్తుంది. ఏడాదిగా ఫోన్లో పోట్లాటే, ఎదురుపడటం ఇదే మొదలు. ఈ కోడ్ పాసైతే అతను వేరే టీంకు పోతాడు. అందుకే గ్లోరియాకు అందులో రోజుకో తప్పు కనిపిస్తోంది.

"వందనాలు ఆంటీ."

తడిసిన ఆ తల చూడగానే గ్లోరియా తల్లి ఎలిజబెత్ కళ్ళ ముందు నిమోనియా, దవాఖాన, సెలైను బాటిలు వరుసగా నిలబడ్డాయి.

"తల తుడుచుకో బిడ్డా. నీకేమన్న అయితే మీ అమ్మకు ఏం జవాబు చెప్పాలె?"

"వానతోని ఏం కాదు ఆంటీ. మీ బిడ్డతోనే భయం."

గ్లోరియా లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. ఫొటోలో కంటే బాగున్నాడని మాత్రం ఎప్పుడో చూసేసింది.

"ఫైలు పేరు ఎవడో బయటోడు పెడ్తడు. గా పేర్ల కొత్త లైను దూర్చి దొంగ ఎంట్రీ రాస్తే? పేరును అక్షరాలల్ల కాదు, హెక్స్ అంకెలల్ల రాయమని చెప్పిన గద."

"రాసిన. నేనే ఒక పేరు పెట్టి టెస్టు చేసిన. చూడు."

లాగ్‌లో బారెడు అంకెలు. ఆమె వాటిని తిరిగి అక్షరాల్లోకి మార్చింది.

'గ్లోరియా, మనం పెండ్లి చే'

అక్కడితో ఆగిపోయింది. ఆమె గుండె కూడా కాసేపు అక్కడే ఆగింది.

"పేరు పట్టే జాగ, బఫర్ ఎంత పెట్టినవ్?"

"ఇంగ్లీషు పేరుకు సరిపోయేంత."

"తెలుగుల ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. హెక్స్‌ల దానికి డబుల్. గింత కూడా తెల్వదా?"

"టెన్షన్ల మర్చిపోయిన. అంచు దాటి రాయకుండ ఆపిన గద."

"అది మంచిగనే చేసినవ్, లేకుంటే కెర్నలే పడిపోతుండె. కానీ మాట సగంల తెగితే చదివెటోళ్ళు ఏమనుకోవాలె?"

"నువ్వేమనుకున్నవ్?"

"ఊహించుకొని నేను పాస్ చెయ్య. సరిచెయ్."

అతను బఫర్ సైజు పెంచాడు. మళ్ళీ నడిపాడు. టవల్ తెచ్చిన ఎలిజబెత్, కూతురి భుజం మీదుగా తెరమీది తెలుగు కూడబలుక్కుంటూ చదివింది.

"గ్లోరియా... మనం... పెండ్లి చేసుకుందామా."

టవల్ జారిపోయింది. గ్లోరియా 'అప్రూవ్' నొక్కింది.

"వేరే టీంకు పోతే పో," అంది మెల్లగా. "ఫోన్ మాత్రం రోజూ చెయ్యాలె."

ఎలిజబెత్ కుర్చీలో కూలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పెండ్లినాడు చర్చిల కరెంటు పోతే ఎట్ల బిడ్డా? జనరేటర్ ఇప్పుడే చెప్పిపెట్టుండ్రి."