ఏడో మాట

సోమేనహళ్ళిలో దేవరాజ్ వాళ్ళ బోరు ఊరి పక్కనే ఉంది, టమాటా తోట మాత్రం గుట్ట అవతల. తోటలో ఫోనుకు టవర్ అందదు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. మోటార్ వెయ్యమని చెప్పాలంటే మనిషి గుట్ట ఎక్కి దిగి రావాల్సిందే. ఆ అవస్థ చూడలేక, చిక్కబళ్ళాపురంలో రిపేరు షాపు నడిపే చిన్నాన్న కొడుకు కిశోర్ రెండు రేడియో పెట్టెలు తెచ్చిచ్చాడు. అరచేతిలో పట్టే పెట్టె, చిన్న తెర, ఒక బటన్. ఒకదాంట్లో నొక్కిన మాట ఇంకోదాంట్లో కనిపిస్తుంది. మధ్యలో గుట్ట మీద సోలార్‌తో నడిచే మూడో పెట్టె కట్టాడు. అది విన్నదాన్ని దాటిస్తుందే గాని చదవలేదు. మాటను విప్పి చదివే తాళం తోటలో దేవరాజ్ పెట్టెలో, ఇంట్లో అతని భార్య పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

మట్టిచేతులతో అక్షరాలు కొట్టేదెవరని, మాటలు ముందే రాసి సెట్టింగ్స్‌లో ఎక్కించారు. బటన్ నొక్కుతూ పోతే ఒక్కో మాటా తెర మీదికొస్తుంది, గట్టిగా అదిమితే వెళ్ళిపోతుంది. మోటార్ వెయ్యి. మోటార్ ఆపు. కరెంటొచ్చిందా. బువ్వ తే. లేటైతాది. వస్తాండా. మొత్తం ఆరు.

కిశోర్ ఏడోది "ఆపద" అని కొడుతుంటే దేవరాజ్ భార్య వినుత అతని చెయ్యి పట్టుకుంది.

"తీసెయ్యప్పా అది. పొద్దున్నే తోటకు పొయ్యే మనిషి చేతిలో అట్లాంటి మాట పెడతారా ఎవరన్నా?"

దేవరాజ్ నవ్వాడు. "మీ వదిన వద్దనిందంటే వద్దే. తీసెయ్‌రా."

కిశోర్ తీసేశాడు.

మూడు నెలలు పెట్టెలు బాగానే పనిచేశాయి. ఒకరోజు పొద్దున తొమ్మిది నలభైకి వినుత పెట్టె పీక్‌మంది. బువ్వ తే. సంగటి తిని గంటన్నర కూడా కాలేదు, ఈయనకు అప్పుడే ఆకలేంది అని నవ్వుకుని "లేటైతాది" నొక్కింది. మళ్ళీ వచ్చింది. బువ్వ తే. మళ్ళీ, మళ్ళీ. తొమ్మిదిసార్లయ్యాక విసుగొచ్చి పెట్టెను అలమరలో దుప్పట్ల కింద దూర్చేసింది.

పన్నెండుకు క్యారియర్ పట్టుకుని గుట్ట దిగితే, గట్టు మీంచి దున్నే డీజిల్ టిల్లర్ బోల్తా పడి ఉంది. దాని కింద దేవరాజ్. ఎడమ కాలు తొడదాకా నలిగిపోయింది. బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. ప్రాణం పోవడానికి గంట పైనే పట్టి ఉంటుందని ఆస్పత్రిలో చెప్పారు. ఆ గంటా అతను మనిషి కోసం పిలుస్తూనే ఉన్నాడు. మనిషిని రప్పించే మాట అతని దగ్గర అదొక్కటే ఉంది మరి.

దినాలు అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. మరుసటి రోజు వినుత వంటింట్లో ఉండగా ఎక్కడినుంచో డీజిల్ వాసన కొట్టింది. అలమరలో పెట్టె పీక్‌మంది. టైము తొమ్మిది నలభై.

బువ్వ తే.

ఆమె భయపడలేదు. ఉరుకులు పరుగుల మీద వండి, తీసుకెళ్ళి గట్టు మీద పెట్టి వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే టైముకు పీక్‌మనేది, రోజూ ఆమె తీసుకెళ్ళేది. ఏ రోజూ కాకి కూడా ముట్టలేదు. అత్త సుజాతమ్మ ఏమీ అడక్కుండా క్యారియర్ కడిగి బోర్లించేది.

ఆదివారం కిశోర్‌ని పిలిపించారు. తొమ్మిదింటికల్లా వచ్చి, రెండు పెట్టెలూ మంచం మీద పెట్టుకుని, ఫోన్‌కు కలిపి చాలాసేపు చూశాడు.

"తాళం ఈ రెండిట్లోనే ఉండాది వదినా. బయటోడు పంపే పనే లేదు. పాత మెసేజ్ గుట్ట మీద పెట్టెలో ఇరుక్కునిందేమో..." తన మాట తనకే నమ్మకం లేనట్టు ఆగాడు. "సెట్టింగులన్నీ చెరిపేస్తా. మళ్ళా రాదు."

"చెరపొద్దు. ఆ మాట పెట్టు."

"ఏ మాట?"

"నేను తీపిచ్చిందే." వినుత దేవరాజ్ పెట్టెను అతని ముందుకు జరిపింది. "నోట్లో మాట లేకుండా చేసింది నేనే కిశోరూ. ఇప్పుడన్నా ఆయనకు ఆ మాట ఉండనీ."

కిశోర్ ఆమె మొహం చూసి కాదనలేకపోయాడు. అన్న పెట్టెలో ఏడో వరుసలో "ఆపద" అని కొట్టి, సేవ్ చేశాడు. తర్వాత దాని బ్యాటరీ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తెర ఆరిపోయింది.

ఇద్దరూ కూర్చున్నారు. బయట ముసురు. కొట్టంలో దూడ అరుస్తున్నదల్లా ఊరుకుంది. తొమ్మిది ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... గుమ్మంలోంచి డీజిల్ వాసన లోపలికొచ్చింది. దాంతోపాటు తడిమన్ను వాసన. ఇంకేదో పచ్చి వాసన.

పీక్.

వినుత పెట్టె మీద ఒకే మాట ఉంది.

ఆపద.

"వదినా..." కిశోర్ జేబు తడుముకున్నాడు. బ్యాటరీ ఉంది.

ఆపద.

ఆపద.

వినుత పెట్టెను పిడికిట్లో బిగించి పరుగెత్తింది. కొట్టంలోంచి అత్త "యాడికమ్మా?" అంటున్నా ఆగలేదు. వెనక కిశోర్. గుట్ట ఎక్కుతున్నంతసేపూ పిడికిట్లో పెట్టె కొట్టుకుంటూనే ఉంది. దారంతా బురద. ఆ రోజే ఇట్లా పరుగెత్తి ఉంటే అన్న ఒక్క ఆలోచనే ఆమె తలలో ఉంది. పెట్టె ఇంకా మోగుతోందంటే ఆయన ఇంకా ఉన్నట్టే అనిపించింది.

గట్టు చేరేసరికి ఊపిరి అందలేదు.

"వచ్చినా..." అంది. "ఇదో... వచ్చినా."

పెట్టె ఆగిపోయింది.

టిల్లర్‌ను ఎప్పుడో తీసుకెళ్ళారు. అది పడ్డ చోట మట్టి పోసి చదును చేశారు. ఇప్పుడక్కడ మనిషి పొడవున నేల గుంతపడి ఉంది. వినుత మోకాళ్ళ మీద కూలబడి అరచెయ్యి ఆనించింది. ముసురులో తడిసిన నేల... లోపల వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో లేచిపోయిన పక్కలాగా. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. ఆలస్యం కాలేదు, ఈసారి ఆలస్యం కాలేదు అనుకుంటూ ఏడ్చింది.

"వదినా." కిశోర్ గొంతు గుసగుసగా వచ్చింది. "లెయ్ వదినా. ఇట్ల చూడు."

గుంత అంచు నుంచి అడుగులు మొదలయ్యాయి. కుడి పాదం, ఉత్త కాలు, వేళ్ళతో సహా బురదలో స్పష్టంగా పడింది. దాని పక్కన ఎడమ పాదం లేదు. దేన్నో ఈడ్చుకుంటూ పోయిన గాడి ఉంది. గట్టు దిగి, దారెక్కి, గుట్ట మీదుగా ఊరివైపు పోయింది.

"అత్త ఒక్కతే ఉండాది ఇంట్లో," అంది వినుత.

కిశోర్ ఫోన్ తీశాడు. టవర్ లేదు.

వినుత ఆ గాడి వెంబడి దారిదాకా నడిచింది. ఇప్పుడే తను పరుగెత్తుకొచ్చిన చెప్పుల గుర్తులు బురదలో వరసగా ఉన్నాయి. ప్రతి గుర్తునూ తొక్కుతూ, ఎదురు దిక్కుకు ఆ కుడి పాదం పడి ఉంది. వచ్చేటప్పుడు దారి పొడుగునా వాళ్ళకు ఎవరూ ఎదురు రాలేదు.