గడప దాటనివాడు

నల్లగుండు దగ్గర గుడారం వెయ్యొద్దని మావాళ్ళు మొత్తుకుంటారు. అవమానం పడలేక ఊరొదిలి మంచు మీదికి నడిచిపోయినవాళ్ళు చావరట... అక్కడే తిరుగుతుంటారట. వాళ్ళని కివిట్టోక్ అంటాం.

ఇనూటెక్‌కి ఆ రాత్రి అక్కడే ఆగాల్సొచ్చింది. మంచు మైదానాన్ని ఈ కొసనుంచి ఆ కొసకి దాటాలని సరదాపడిన డెన్మార్క్ మనిషి ఎస్బెన్, కుక్కబండి తోలే తను, పదకొండు కుక్కలు — అంతే వాళ్ళ బృందం. గాలి లేచి అడుగు కదలనివ్వలేదు.

ఇనూటెక్‌కి ఆ గుండంటే వేరే దిగులుంది. ఇరవై ఏళ్ళ కిందట, బండి లాగే కుక్కల్లో అన్నిటికన్నా ముందుండేదాన్ని మంచు పగుల్లో పోగొట్టాడని తమ్ముడు పావియాని నలుగురిలో కడిగేసి, "మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు. పావియా ఇటే నడిచిపోయాడు. కుక్కలు మళ్ళీ దొరికాయి గానీ తమ్ముడెక్కణ్ణించి వస్తాడు?

బాగా పొద్దుపోయాక... టక్... టక్...

ఎవరో గుడారం మీద తట్టారు. కుక్కలు మాత్రం మొరగలేదు.

"లోపలికి రావచ్చా?" — గాలిలో సన్నటి గొంతు.

ఇనూటెక్ చప్పున లేచి కూర్చున్నాడు. మాలో ఎవరూ తలుపు తట్టరు. మనిషన్నవాడు చక్కా లోపలికొచ్చి, కాఫీ ఉందా అంటాడు. బయట నిలబడి అడిగేది కివిట్టోక్ ఒక్కడే. పక్కన ఎస్బెన్ పడక సంచి ఉబ్బెత్తుగా ఉంది. పడుకున్నాడు, లేపడమెందుకనుకుని, గుమ్మం గుడ్డని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

టక్... టక్... తర్వాత అదీ ఆగిపోయింది.

చివరికి వేళ్ళు కొంకర్లుపోయి వదిలేశాడు. గుడ్డ సర్రున లేచింది. ఒంటినిండా మంచుతో ఎస్బెన్ లోపలికొచ్చి పడ్డాడు.

ఇనూటెక్ పక్క సంచి తడిమాడు. లోపల ఉన్నది మనిషి కాదు, చలికోట్లు.

"ఒంటేలుకి వెళ్ళి దారి తప్పానయ్యా..." ఎస్బెన్ పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఒకాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎంత తట్టినా నువ్వు పలకవు. 'మావాళ్ళు తట్టరు, నేరుగా వెళ్ళిపో' అన్నాడాయన. లేకపోతే ఈపాటికి కట్టెనైపోయేవాణ్ణి."

"ఎవరాయన?"

"ఏమో. 'మీరూ రండి' అన్నాను... 'మా అన్న గడప తొక్కొద్దన్నాడు, రాను' అన్నాడు."

ఇనూటెక్ మోకాళ్ళ మీద బయటికి పాకాడు. ఎవరూ లేరు. కుక్కలన్నీ గుండు వైపు చూస్తూ తోకలూపుతున్నాయి.

"పావియా... తప్పు నాదేరా. లోపలికి రా." గొంతు పోయేదాకా పిలిచాడు.

ఆ రాత్రంతా గుమ్మం గుడ్డ మూయనివ్వలేదు. ఎస్బెన్ చలికి గొణుగుతూనే ఉన్నాడు.

తెల్లారి చూస్తే... గుమ్మానికి జానెడు అవతల, మంచులో ఎవరో రాత్రంతా కూర్చున్నట్టు గుంట పడి ఉంది. గడప మాత్రం దాటలేదు.