అమ్మమ్మ చెయ్యి అందేంత దూరం

షెడ్డులో రెమీ చెమటతో తడిసిపోయింది. మధ్యాహ్నపు ఎండకి రేకుల కప్పు చిటపటమంటోంది. ఎదురుగా రెండు బల్లల మీద అమ్మమ్మ ఆకుపచ్చ కయాక్ ఉంది. ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ అది.

"ఇంకొక్క స్క్రూ మామయ్యా, అంతే," అంది రెమీ.

డ్వేన్ మామయ్య డ్రిల్లింగ్ మిషన్ కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఇది పడవా, కొట్టా?" అన్నాడు.

నిజంగానే కొట్టులా ఉంది. సీటు వెనక పాల క్రేటు కట్టింది రెమీ. అందులో రబ్బరు వానపాములు ఒక డబ్బాలో, రబ్బరు కప్పలు ఇంకో డబ్బాలో, తళతళలాడే రేకు చేపలు మరో డబ్బాలో సర్దింది. క్రేటుకి గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు బిగించింది. ముందువైపు, నీళ్ళ అడుగున చేపలు ఎక్కడున్నాయో చూపించే చిన్న స్క్రీను కూడా పెట్టింది.

"పోటీల వీడియోల్లో అందరూ ఇలాగే పెట్టుకుంటారు. ఏం కావాలన్నా అలా చెయ్యి వెనక్కి పెడితే చాలు," అంది రెమీ.

"మా అమ్మ చూసిందా?"

"చూడలేదు. సర్ప్రైజ్."

మామయ్య తల గోక్కున్నాడు.

చలికాలంలో అమ్మమ్మ కుడి భుజానికి ఆపరేషన్ జరిగింది. అంతకుముందు శనివారం వచ్చిందంటే ఆవిడ చెరువులోనే ఉండేది. రెమీకి గాలం ముడి వెయ్యడం నేర్పింది ఆవిడే. బాస్ చేపలు కలువ ఆకుల నీడలో దాక్కుంటాయని, తెడ్డు చప్పుడైతే పారిపోతాయని చెప్పింది కూడా ఆవిడే. ఆపరేషన్ తరవాత మాత్రం కయాక్ మీద కప్పిన గుడ్డ కూడా తియ్యలేదు. మెల్లగా తెడ్డు వేసుకోవచ్చని డాక్టరు చెప్పినా సరే.

పోయినవారం భోజనాల దగ్గర, "అది ఊరికే పడి ఉంది. పక్కవీధి పిల్లలకి ఇచ్చేద్దాం," అంది అమ్మమ్మ.

రెమీ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "ఒక్కసారి రా అమ్మమ్మా. అన్నీ నేనే సిద్ధం చేస్తాను," అని బతిమాలింది.

"సరే, ఒక్కసారి. కుదరకపోతే మాత్రం ఇచ్చేద్దాం. మళ్ళీ ఏడవకూడదు."

అందుకే రెమీ ఇంత శ్రద్ధగా సర్దింది.

మర్నాడు పొద్దున్న చెరువు మీద పొగమంచు ఇంకా కరగలేదు. కయాక్‌ని చూసి అమ్మమ్మ చాలాసేపు నిలబడిపోయింది. తరవాత రెమీ తల నిమిరింది.

"ఇదంతా నువ్వే చేశావా బంగారం?"

"నేనే. రంధ్రాలు మాత్రం మామయ్య వేశాడు. ఈ కర్ర చూడు, అన్నిటికన్నా గట్టిది. పెద్ద బాస్ పడినా వంగదు."

అమ్మమ్మ కర్ర అందుకుంది. దాని బరువుకి ఆవిడ మణికట్టు కొంచెం కిందికి దిగింది. "బాగుంది," అంది.

ఇద్దరూ లైఫ్ జాకెట్లు బిగించుకుని నీళ్ళలోకి దిగారు. రెమీది చిన్న పసుపు కయాక్. కలువల దగ్గర ఇద్దరూ చెరోవైపుకి వెళ్ళారు.

ఆ రోజు రెమీ పంట పండింది. ఒక బాస్ పడింది, కాసేపటికి ఇంకోటి పడింది. ఒక్కో చేపనీ ఎత్తి చూపించి మళ్ళీ నీళ్ళలోకి వదిలేసింది. అమ్మమ్మ ప్రతిసారీ చెయ్యి ఊపింది.

"నీకేమైనా తగిలిందా అమ్మమ్మా?"

"తగులుతుందిలే, తొందరేముంది."

"ఎర మార్చి చూడు. నీళ్ళు మసగ్గా ఉన్నాయి, నల్ల వానపాము పెట్టు."

"ఇదే బాగుంది."

ఒకసారి రెమీ అటు చూసేసరికి అమ్మమ్మ చెయ్యి వెనక్కి పెట్టబోయి, మధ్యలో ఆగి, టోపీ సర్దుకుంది. ఇంకోసారి ఆవిడ కయాక్ ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది. రెమీ గాలానికి అప్పుడే ఏదో తగిలింది. అటు తిరిగిపోయింది.

ఎండ ఎక్కేవరకూ అమ్మమ్మ అక్కడే, కర్ర ఒళ్ళో పెట్టుకుని, దారం నీళ్ళలోకి వదిలి కూర్చుంది. ఒక్క చేప కూడా పడలేదు.

ఇంటికొచ్చాక భుజం మీద ఐసు సంచీ పెట్టుకుని సోఫాలో వాలింది.

"చూశావుగా తల్లీ. ఇంక నా వల్ల కాదు. ఆ పిల్లలకి ఫోన్ చెయ్యమని మామయ్యకి చెబుతాను."

రెమీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవకూడదని అమ్మమ్మ ముందే చెప్పింది కాబట్టి, సామాను దింపుతానని బయటికి వెళ్ళిపోయింది.

క్రేటు విప్పింది. అమ్మమ్మకి పెట్టిచ్చిన చీజ్ శాండ్విచ్ కట్టిన కాగితంలోనే ఉంది. నీళ్ళ సీసా మూత కూడా తియ్యలేదు. అంత ఎండలో అమ్మమ్మ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదన్నమాట.

తరవాత గాలం కర్ర తీసింది. దారం చివర చూసింది. గాలం లేదు. ఎర లేదు. ఉత్త దారం.

రెమీ దారం చివర పట్టుకుని అలాగే నిలబడింది. తరవాత కయాక్‌లోకి ఎక్కి అమ్మమ్మ సీట్లో కూర్చుంది. కుడి మోచేతిని ఒంటికి గట్టిగా ఆనించి, అమ్మమ్మకి ఎంతవరకూ వస్తుందో అంతవరకే చెయ్యి తిప్పింది. క్రేటు అందలేదు. ఎడమ చేత్తో ప్రయత్నించింది. సీటు మీదుగా ఒళ్ళంతా మెలితిప్పాల్సి వచ్చింది. కయాక్ పక్కకి ఒరిగింది.

లోపలికి వెళ్ళి సోఫా పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మమ్మా, దారం ఎప్పుడు తెగింది?"

అమ్మమ్మ ఐసు సంచీ సర్దుకుంది. "వెళ్ళిన కొంచెంసేపటికే. కలువ కాడలకి చిక్కుకుంది."

"మరి నన్ను పిలవొచ్చుగా."

"అన్నీ అందేలా పెట్టానని అంత మురిసిపోతున్నావు. అందట్లేదని ఎలా చెప్పను? అయినా తప్పు నీ క్రేటుది కాదు బంగారం, నా భుజానిది."

"నీ భుజం సంగతి నాకు తెలుసు అమ్మమ్మా. తెలిసి కూడా నిన్ను అడగలేదు. నాకు నచ్చినట్టు సర్దేశాను." రెమీ లేచి నిలబడింది. "ఒకసారి లేచి వస్తావా? చెరువుకి కాదు. పెరట్లోకే."

ఇద్దరూ కలిసి కయాక్‌ని గడ్డి మీదికి లాగారు. రెమీ క్రేటు, గొట్టాలు అన్నీ ఊడదీసింది. ఖాళీ కయాక్‌లో అమ్మమ్మని కూర్చోబెట్టింది.

"ఇప్పుడు నొప్పి లేకుండా చెయ్యి చాపు. ఎక్కడిదాకా వస్తే అక్కడే ఆగు."

అమ్మమ్మ చెయ్యి చాపింది. రెమీ సుద్దముక్కతో అక్కడ గీత పెట్టింది. ఎడమ చేతికి ఒక గీత, కుడి చేతికి ఒక గీత. చివరికి చూస్తే మోకాళ్ళ దగ్గర్నుంచి ఎడమ నడుం దాకా, అంతే.

"ఇంతే మిగిలింది," అని అమ్మమ్మ నవ్వబోయింది.

"ఇది చాలు," అంది రెమీ.

డ్వేన్ మామయ్య గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమ్మా, గడ్డిలో చేపలు పడుతున్నాయా?"

"వేళాకోళం ఆపి ఆ డ్రిల్లు పట్టుకురా," అంది అమ్మమ్మ.

రెమీ కర్రలన్నీ తెచ్చి గడ్డి మీద పరిచింది. అమ్మమ్మ ఒక్కోటీ ఎత్తి చూసింది. చివరికి అన్నిటికన్నా పొట్టిదాన్ని పట్టుకుని, చెయ్యి పైకి లేపకుండా నడుం దగ్గర్నుంచే విసిరి చూసింది. దారం సర్రున గడ్డి మీదికి పోయింది.

"ఇది చిన్నపిల్లల కర్ర కదే."

"నొప్పి పుట్టిందా?"

"లేదు."

"అయితే ఇదే."

"ఆ టీవీ కూడా తీసెయ్. చేపలెక్కడుంటాయో నాకు తెలుసు."

రెమీకి ఆ స్క్రీను ఎంతో ఇష్టం. ఒక్క క్షణం ఆగి, స్క్రూలు విప్పేసింది. పాత రంధ్రాలకి మామయ్య రబ్బరు బిరడాలు కొట్టాడు.

ఎరల వంతు వచ్చింది. రెమీ చెయ్యి నల్ల వానపాముల మీదికి వెళ్ళింది. మధ్యలోనే ఆగింది. డబ్బాలన్నీ తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది.

"నువ్వే ఏరుకో."

అమ్మమ్మ తీరిగ్గా ఏరుకుంది. అవన్నీ ఒక చిన్న డబ్బాలో పట్టాయి. దాన్ని కాళ్ళ మధ్య, నీళ్ళ సీసా పక్కన పెట్టారు. గాలం కర్రకి ఎడమవైపు ఒక్క గొట్టం బిగించారు.

అమ్మమ్మ చెయ్యి పెట్టి చూసింది. "ఇంకొంచెం ముందుకి."

రెమీ బిగించిన స్క్రూ మళ్ళీ వదులు చేసింది. "ఇక్కడా?"

"ఊహూ, ఇటు."

"ఇక్కడా?"

అమ్మమ్మ చెయ్యి చాపింది. కర్ర తేలిగ్గా చేతిలోకి వచ్చింది. ఆవిడ దాన్ని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, చెట్ల వైపు చూసింది.

"రెమీ."

"ఊఁ?"

"వచ్చే శనివారం ఎన్నింటికి లేస్తావే?"